జ్వరం కాని వేడి

అక్కా, వరదలో నువ్వు పోయి మూడు నెలలైంది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. అలంపూర్ నుంచి నీ కూతురు సుజాతను గద్వాలకు, నా దగ్గరికే తెచ్చుకున్నాను.

పొద్దున నల్లా వదిలాక డ్రమ్ములో నీళ్లు పడే చప్పుడు వినబడితే చాలు, దాని ఒళ్లు కాలిపోతుంది. జ్వరం గోలీ వేసినా వేడి దిగదు. బడి ఎగ్గొట్టడానికి నాటకమనుకుని రెండుసార్లు తిట్టాను కూడా.

నిన్న దవాఖానకు తీసుకెళ్తే రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది.

"మెడకాడ, భుజాలకాడ గోధుమరంగు కొవ్వు ఉంటదమ్మా. పిల్లల్ల ఎక్కువ. సలి పెడితే అది కరిగి ఒంటికి వేడి ఇస్తది. భయం పట్టినా గట్లనే వేడి పుట్టిస్తదని ఎలుకల మీద చూసిండ్రు. ఈ పిల్లకు అదేనని నేను గట్టిగ చెప్పలేను. గోలీలు బంద్ చేసి, జర దగ్గర కూసోండ్రి."

ఈ ఉదయం నల్లా రాగానే పనులన్నీ ఆపి దాని పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి వేశాను. కాలుతోంది. కాసేపటికి అడిగింది.

"చిన్నమ్మా, అమ్మకు గూడ భయమైంటది గదా. గట్లైతే నీళ్లల్ల ఆమెకు సలి పెట్టలేదా?"

"పెట్టలేదు బిడ్డా" అన్నాను. అది కళ్లు మూసుకుంది. నేను నిజం చెప్పానో అబద్ధం చెప్పానో నీకొక్కదానికే తెలుసు.

నీ చెల్లెలు