అలారం అక్కర్లేదట

ఫిల్మ్‌నగర్, 1991

మాష్టారు గారికి నమస్కారాలు.

విషవాయువుల్ని పసిగట్టే మన పరికరం పనిచేస్తోందా అని రాశారు. పనిచేసిందండీ. మొన్న సినిమావాళ్లు ల్యాబ్ సెట్లో పెట్టుకుంటామని తెప్పించుకున్నారు. పొగ వేసే అంతోని ఏదో కొత్త పొడి కాల్చగానే అలారం మోగింది, ఎర్రదీపం వెలిగి ఆరడం మొదలుపెట్టింది. ఆపండని అరిచాను.

"డైలాగులు ఎలాగూ డబ్బింగులో చెప్పిస్తామండీ, మోగనివ్వండి. ఆ దీపం భలే ఉంది!" అన్నాడు డైరెక్టరు.

షాట్ ఓకే అనేలోపే అంతోని కుప్పకూలాడు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు.

ఈ ఉదయం ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. తర్వాతి సినిమాకి అలాంటివే మరికొన్ని కావాలట. అలారం తీసేసి, దీపం ఒక్కటే ఉంచమన్నాడు.

ఇన్నేళ్లకి మనకొచ్చిన మొదటి ఆర్డరు ఇదే మాష్టారూ.

మీ శిష్యుడు