లోపలి గడియ ఉన్న గది

కోయంబత్తూరు, మిల్లు లైను
ఆడి నెల

మేలూరులో ఉండే మా అమ్మ వీరాయి పాదాలకి నీ కొడుకు సంజీవి దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను, నీ కోడలు అంగమ్మాళ్, నీ మనవరాలు పాంచాలి తింటున్నాం, పడుకుంటున్నాం, లేస్తున్నాం; దాన్నే క్షేమం అంటారు గదా. అక్కడ నువ్వూ నీ మేకలూ అట్లాగే ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం చదివి వినిపించే తిరువేంగడం మామకి కూడా దండం. మామా, కళ్ళద్దాలు తుడుచుకొని చదువు. నీకు నచ్చని చోట దాటేయొద్దు.

అడిగినవాటికి ముందు జవాబు. నా దగ్గు తగ్గింది. బడిలో గంట కొట్టేవాడికి గొంతుతో పని లేదు, చెయ్యి ఆడితే చాలు. నువ్వు పంపిన సుండకాయ వరుగు అందింది. నీ కోడలు పులుసు పెట్టింది. బాగుందంట. నా నాలికకి ఏమీ తెలియలేదు.

పాంచాలి పెద్దమనిషి అయినాక కూడా బడికి పోతావుందా అని అడిగినావు. పోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే బడి గదుల సంగతి చెప్పాలి.

మా బడి మిల్లువాళ్ళదే. గదులు తక్కువ, పిల్లలు ఎక్కువ. వేసవి సెలవలు అయినాక హెడ్‌మాస్టరు రంగనాథన్ అయ్యగారు టైంటేబుల్ కాగితం పట్టుకొని గది గదీ తిరిగినాడు. వెనకాల బెంచీలు మోసే ఎద్దుని నేను. ఒకటో క్లాసు బుడ్డోళ్ళు అప్పటిదాకా మేడ మీద ఉండేవాళ్ళు. ఒకడు ఒంటికని చెయ్యెత్తి కిందికి దిగేలోపల మెట్లు తడిసేవి. వాళ్ళని దించి నీళ్ళతొట్టి పక్క గదిలో పెట్టినాం. ఆ గదిలో ఉన్న పెద్ద మగపిల్లలు మిల్లు సంగు, అదే సైరను, ఊదితే చాలు, కిటికీలోంచి దూకి పోయేవాళ్ళు. వాళ్ళని మేడెక్కించినాం, ఇప్పుడు దూకమను చూస్తాం. నడిమి వయసోళ్ళకి నడిమి గదులు సరిపోయినాయి. ఏడూ ఎనిమిదీ చదివే ఆడపిల్లలకి మాత్రం వరండా మిగిలింది. వరండా ఎదురుగా రోడ్డు. షిఫ్టు వదిలితే మగోళ్ళంతా ఆ దోవనే, మెడలు తిప్పుకొని పోతారు. ఆ వయసు పిల్లలకి నల్లబోర్డు లేకపోయినా గడుస్తుంది, తలుపు లేకపోతే గడవదు. ఇద్దరు తండ్రులు అప్పుడే మాన్పించినారు.

ఇంక తలుపున్నది వెనక గది ఒకటే. అందులో మిల్లు వేస్టు దూది మూటలు. వాటి లెక్క రాసే గుమాస్తా పెరుమాళ్సామి మధ్యాహ్నం పూట ఆ మూటల మీదే నిద్రపోతాడు. గది ఇమ్మని అయ్యగారు ఎన్నిసార్లు అడిగినా, మిల్లు సరుకు కదిలించకూడదని ఒకే మాట. సరుకంటే ఆయన నిద్ర.

ఒక మధ్యాహ్నం ఆయన గురక మంచి ఎత్తులో ఉండగా, పైనించి ఒక ఆడగొంతు వినబడిందంట: “కాస్త పక్కకి జరుగు పెరుమాళ్సామీ, నాకూ నడుం నొస్తావుంది.”

పంచె మూటల మీదే ఉండిపోయింది, మనిషి మిల్లు గేటు దగ్గర తేలినాడు. మర్నాడే దూది గోడౌనుకి పోయింది, గది బడికి వచ్చింది. అయ్యగారు కాగితంలో ఆ గదికి ఎదురుగా ‘పెద్ద ఆడపిల్లలు’ అని రాసినాడు. నేను సున్నం కొట్టి, తలుపుకి లోపలివైపు కొత్త గడియ బిగించినాను. పాంచాలి దాన్ని వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకొంది.

అయితే నిద్రపోతున్నానని చెప్పుకోవడం గుమాస్తాకి తప్పు, పరిగెత్తినానని చెప్పుకోవడం పరువు తక్కువ. అందుకని దెయ్యాన్ని పెంచినాడు. జుట్టు విరబోసుకొని నిలబడిందనీ, మగోడివి గనక బతికిపోయినావు, నాకు కావలసింది పెళ్ళికాని పిల్లలు అందనీ చెప్పినాడు. ఆ మాట మిల్లు పనోళ్ళ లైను ఇళ్ళన్నీ తిరిగి మేలూరులో నీ చెవికీ చేరింది, పాంచాలి మెడకి కట్టమని నువ్వు తాయెత్తు పంపినావు. ఇప్పుడు ఒక్క తల్లీ పిల్లని ఆ గదికి పంపడం లేదు. అందరికంటే ముందు మాన్పించింది నీ కోడలే. నూలు చుట్టే చోటి మేస్త్రి ఇంటికి వచ్చిపోయినాడు. ఈ ఆడి పోయి ఆవణి నెల పుట్టగానే పాంచాలిని పనిలో చేర్చుకుంటాడంట. వయసు ఎంత రాయాలో తనకి తెలుసంట. ఆడి పోయేలోపల పిల్లలు రాకపోతే గది మళ్ళీ దూదికే అని మిల్లు ఆఫీసు చెప్పేసింది.

తిరువేంగడం మామా, ఇదే దాటేయకూడని చోటు. అమ్మా, ఆ దెయ్యం నేనే. వెనక గోడకి నిచ్చెన వేసి, వెంటిలేటరులో మూతి పెట్టి, నీ గొంతుతో పలికినాను. నాకు వచ్చిన ఆడగొంతు అదొక్కటే. నీ తాయెత్తు పాంచాలికి కట్టలేదు, నా మొలతాడుకి కట్టుకొన్నాను. దెయ్యం ఉన్నచోటనే గదా ఉండాలి.

అంగమ్మాళ్‌తో చెప్పినాను. “కూతురి చదువు కోసం నేనే దెయ్యాన్నని కూడా అంటావు నువ్వు” అని పొయ్యి ఊదుకొంది. కొళాయి దగ్గర ఆడోళ్ళందరి ముందరా చెప్పినాను. కడుపు పట్టుకొని నవ్వినారు. లైనులో అందరికీ పెద్ద అయిన ముసలి ఆరాయి కళ్ళు తుడుచుకొని, “ఇన్నేళ్ళలో నువ్వు చెప్పిన కతల్లో ఇదే బాగుంది రా సంజీవీ” అంది. ఆ నవ్వుల కోసమే ఇన్నాళ్ళు బతికినవాణ్ణి. ఆ రోజు ఎవరి ఇంట్లోనో నవ్వుతున్నట్టు విన్నాను.

పొద్దున పోయి ఆ గది తలుపు తీస్తాను. ఎవరూ కూర్చోని బెంచీలు తుడుస్తాను. సాయంత్రం మూస్తాను. కోపం రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. గంట కొడుతుంటే చెయ్యి నాది కాదనిపిస్తుంది.

నిన్న ఆరాయి ఇంటికి పోయి మళ్ళీ చెప్పినాను. ఈసారి ఆమె నవ్వలేదు. “అళగర్ కోవిల్‌లో కరుప్పుసామి తలుపు ముందర నిలబడి చెప్పు, నమ్ముతాను” అంది. ఆ కావలి దేవుడి ముందర మనవాళ్ళు ఎవరూ అబద్ధం ఆడరు, నీకు తెలుసు. ఆరాయి నమ్మితే లైనంతా నమ్ముతుంది. మిల్లు ఆఫీసూ నమ్ముతుంది, నా గంట వేరేవాడి చేతికి పోతుంది. తెలిసే వస్తున్నాను. ఈ ఆదివారం ఆరాయినీ నీ కోడలినీ తీసుకొని మేలూరులో దిగుతాను, నువ్వు కూడా కోవిలికి రావాలి. నేనే దెయ్యాన్నని ఒట్టేసేవాణ్ణి కరుప్పు కూడా ఇదే మొదలు చూడడం.

రాత్రి పాంచాలితో చెప్పినాను. నమ్మిందో లేదో తెలియదు, నవ్వలేదు మాత్రం.

“నీ పని పోతే ఆ గది ఎవరు తీస్తారు నాయినా?” అంది.

తాళంచెవి దాని చేతిలో పెట్టినాను.

ఇట్లు,
నీ గొంతు దొంగిలించిన కొడుకు
సంజీవి