ముందు వరుస రుమాళ్లు

చిలకలగూడ,
శనివారం.

ఝాన్సీలక్ష్మి అక్కయ్యగారికి నమస్కారాలు.

కుక్కపిల్లను ఎవరికైనా ఇచ్చేస్తే తప్ప శుక్రవారం లలితా పారాయణం ఇక మా ఇంట్లో జరగదని వసుధతో కబురు పంపారు. అమ్మవారి పారాయణం మా గడప దాటిపోతుందంటే నాకు అన్నం సయించడం లేదు. అందుకే జరిగింది విన్నవించుకుంటున్నాను.

నిన్న మధ్యాహ్నమే వసుధ వచ్చి, ఫ్యాను కింద ముందు వరుస కుర్చీలన్నిటి మీదా మీ అందరి చేతిరుమాళ్లు పరిచి వెళ్లింది. రుమాళ్ల తరవాత మొదట వచ్చిన మనిషి విజయమ్మగారు. మోకాళ్ల నొప్పులతో వెనక చాప మీద కూర్చోలేక, పాపం చెప్పుల స్టాండు పక్కనే నిలబడ్డారు.

అంతలో మా కుక్కపిల్ల లడ్డు ఆ రుమాళ్లను ఒక్కొక్కటే కరుచుకుపోయి, మంచం కింద కుప్ప పోసి, పైన పడుకుంది. వాటితో తాను ఆడుకోదు, ఇంకొకరు ముట్టబోతే గుర్రుమంటుంది. ఎవరిని చూసి నేర్చుకుందో నేను చెప్పలేను.

కుర్చీలు ఖాళీ కనిపించేసరికి విజయమ్మగారు ముందు కూర్చున్నారు. తిరిగొచ్చిన వసుధ, "ఏందమ్మా, గది ఝాన్సక్క కుర్చీ!" అంది.

"అక్క వచ్చినంక లేస్త తియ్ బిడ్డా. అమ్మవారిని గింత దగ్గర్నుంచి ఎన్నడు చూడలే," అన్నారావిడ.

మీరు హారతికి వచ్చారు. అంతవరకూ ఆవిడ లేవాల్సిన అవసరం రాలేదు.

పారాయణం వదులుకోలేను, లడ్డునూ ఇవ్వలేను. వచ్చే శుక్రవారం దాన్ని మేడ మీద కట్టేస్తాను. మీరు మాత్రం దయచేసి మీ రుమాలుతో పాటే రండి.

ఇట్లు,
మీ చెల్లెలి వంటిది.