ఉల్లిగడ్డల కత్తి మీది గుర్తు

వాడి కబీర్ (గల్ఫు), 1977, గురువారం

అమెరికా దొర ఇక్కడే కొన్న తన రేసు కారును వర్క్‌షాప్‌కు తెచ్చాడు. పాత బండిని కోసి, నేలకు దించి కట్టిన కారు అది. ముందు ఇరుసు కిందికి వంగి, ఒళ్లంతా బెజ్జాలతో వింతగా ఉంది. అలాంటి ఇరుసే ఇంకొకటి కావాలట, ఏ కంపెనీదో కనుక్కోమన్నాడు.

ఇరుసు మీది పెయింటు గీకితే కంపెనీ పేరు లేదు. ఉలితో కొట్టిన నెలవంక, కింద రెండు చుక్కలు. మా వైపు కమ్మరులు కొడవళ్ల మీద వేసే ఇంటి గుర్తులాంటిది. మా రూమ్‌లో ఉల్లిగడ్డలు కోసే కత్తి మీదా అదే ఉంది. ఆ కత్తి చేసింది మా వర్క్‌షాప్‌లో కమ్మరి పని చేసిన ఉస్తాద్. మూడేళ్లు నా పక్క మంచం ఆయనదే. పోయినేడు సెలవు మీద ఇంటికి పోయి మళ్లీ రాలేదు.

"హమారా ఉస్తాద్ బనాయా, సాబ్," మా ఉస్తాదే చేశాడని గర్వంగా చెప్పాను.

దొర నోటుబుక్కు తీశాడు. "నామ్?" అని పేరడిగాడు.

ఆయన పేరు నాకు తెలియదు. ఊరడిగాడు. అదీ తెలియదు. మూడేళ్లు ఒకే గిన్నెలో వండుకు తిన్నాం, అందరితో పాటు నేనూ ఉస్తాద్ అనే పిలిచాను.

ఒక్క ఉత్తరం ముక్కయినా రాయలేదని ఇన్నాళ్లూ ఆయన మీద కోపంగా ఉండేది. ఆయన నన్నెప్పుడూ "ఫిట్టరూ" అనే పిలిచాడు. రాయాలనుకున్నా, కవరు మీద ఏం పేరు రాస్తాడు?