బొటనవేలు అరగకముందే

ఇది నేను పోయాక నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో తెలిపే వీలునామా. నా చేత్తో నేనే రాశాను, గుణింతాలు తప్పితే సర్దుకుని చదువుకోండి. నేను తాళాల మేస్త్రిని. మోకాళ్ళు సరిగ్గా లేవు గానీ బుద్ధి సరిగ్గానే ఉంది. ఇది రాయడంలో ఎవరి బలవంతమూ లేదు. ఈ ఇంట్లో ఉన్న బలవంతమంతా నన్ను మేడగదిలో కూర్చోబెట్టడానికే సరిపోతోంది.

1. ఇల్లు నా కొడుకులిద్దరికీ చెరి సగం. మెట్లు ఉమ్మడి. అక్కడ పోట్లాడుకుంటే చూడ్డానికి నేనుండను, అదొక సుఖం. నిచ్చెన మా బావమరిది దగ్గరుంది. నేను పోయాకైనా ఇచ్చెయ్యమనండి.

2. నేను చేసిన ఇత్తడి తాళం చిన్న కోడలికి. వచ్చిన కొత్తలో అడిగింది, అప్పుడు విసుక్కున్నాను.

3. ఫోను సంగతి. దుకాణం వెబ్‌సైటూ, బ్యాంకు సైటూ ఒకప్పుడు పాస్‌వర్డుతో తెరుచుకునేవి. పెద్దోడు మార్చేస్తాడని చిన్నోడికి అనుమానం, చిన్నోడు మార్చేస్తాడని పెద్దోడికి. జన్మకో శివరాత్రిలా ఇద్దరూ ఒక్కదానికి ఒప్పుకున్నారు: నా ఫోనులో నా బొటనవేలు ఆనిస్తేనే ఆ సైట్లు తెరుచుకోవాలని. "ఇంతకన్నా భద్రం లేదు నాన్నా" అన్నారు. నిజమే. దొంగ లోపలికి రాలేడు, నేను బయటికి పోలేను.

అప్పట్నుంచి నేను మేకుకు తగిలించిన తాళంచెవిని. దుకాణానికి పోతానంటే చిన్నోడు, "ఇప్పుడెందుకు నాన్నా, మధ్యలో సైటు తెరవాల్సొస్తే?" అంటాడు. కూతురింటికి పోతానంటే పెద్దోడు, "నువ్వెళ్తే వేలు కూడా వెళ్తుంది కదా" అంటాడు. నేను వేలికి తోడుగా పుట్టానన్నమాట! గీతలు అరిగితే ఫోను గుర్తుపట్టదని, తాళంచెవుల పళ్ళు రాసే నా ఆకురాయిని దాచేశారు. పెద్ద కోడలు పొద్దున్నే వేలికి క్రీము రాస్తుంది. మోకాలు నొప్పంటే పలికే దిక్కు లేదు, వేలికి మాత్రం రాజభోగం.

4. ఇంత చేసి, తాళం వేసి గొళ్ళెం మరిచారు. చచ్చినవాడి వేలికి ఫోను తెరుచుకోదు. నా చెయ్యి పట్టుకుని ఫోనుకి అద్ది నలుగురిలో నవ్వులపాలవకండి. ఆ ఫోనులో ఇంకా వేళ్ళకి చోటుంది. రెండో తాళంచెవి ఇవ్వకుండా నేను ఏ గిరాకీనీ పంపలేదు. కనుక నేనుండగానే ఇద్దరి వేళ్ళూ ఎక్కాలి. ఒక్కడిదే అంటే ఒప్పుకోను.

5. దుకాణంలో బల్ల, మిషను, ఆకురాళ్ళు నా కూతురికి. నేను మేడెక్కినప్పట్నుంచి ఆ బల్ల దగ్గర కూర్చునేది అదే. నిన్న నన్ను చూడ్డానికొచ్చి, సంచిలోంచి ఆకురాయి తీసి దిండు కింద పెట్టింది. "చేతులు ఊరుకోవు కదా నాన్నా" అంది. ఒక వేలు కాకుండా నాకు రెండు చేతులున్నాయని దానికొక్కదానికే గుర్తుంది.

6. ఆఖరి షరతు. పొద్దుట్నుంచి ఆ ఆకురాయి నా చేతిలోనే ఉంది. పాత తాళంచెవి ఒకటి రాస్తున్నాను. దాంతోపాటు ఇంకేం అరుగుతోందో మీకు చెప్పక్కర్లేదు. సాక్షులు ఈ కాయితం ఇవాళే మీ చేతికిస్తారు, చదవగానే ఇద్దరూ కలిసి మేడెక్కండి. మీ వేళ్ళు ఎక్కించుకుని, నన్ను మెట్లు దింపి, దుకాణంలో బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఆలస్యమైతే మీకే నష్టం. నాకు పని దొరికింది.

ఈ నెల పద్నాలుగు, మంగళవారం.

"రాయడం కష్టం కదా, వేలిముద్ర వెయ్యండి" అన్నారు సాక్షులు. వెయ్యను. వంకరగా వచ్చినా సంతకమే.

(సంతకం) తాళాల మేస్త్రి

సాక్షులు:
పక్క కొట్టు దర్జీ
ఎదురింటి టీచరమ్మ