టేపు చుట్టిన బేస్‌బాల్

ఆదివారం, వాన్ నగరం

ఈరోజు గొంతు పోయేలా అరిచాను. వేర్‌హౌస్ నుంచి వచ్చేసరికి, మన దేశం నుంచి కొత్తగా దిగిన రూమ్మేట్ సాయి పార్కింగ్‌లో క్రికెట్ ఆడుతున్నాడు. చేతిలో నల్లటేపు చుట్టిన బంతి. నా బేస్‌బాల్! నా అభిమాన పిచ్చర్, బేస్‌బాల్‌లో బంతి విసిరే మొనగాడు, సంతకం చేసి ఇచ్చిన బంతి!

“టెన్నిస్ బాల్ దొరకలే అన్నా. సంతకం ఖరాబ్ కావద్దనే టేపు చుట్టిన,” అన్నాడు వెధవ.

టేపు పీకితే సగం సంతకం దానితోనే ఊడొచ్చింది. కార్డులు, టోపీలు ఎన్ని కొని దాచినా, ఆయన స్వయంగా నా చేతికిచ్చింది ఆ బంతి ఒక్కటే. ఇప్పుడేమో ఆయన మోచేతికి ఆపరేషన్. ఇక ఆయన పని అయిపోయిందని టీవీలో అంటున్నారు. ఏం తెలుసు వీళ్లకి?

సాయి నాకు కూడా అన్నం పెట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

“మళ్ల ఆడతడా అన్నా?”

“ఆడతాడు.” అంత గట్టిగా ఎలా అన్నానో నాకే తెలియదు.

“అయితే వచ్చే సమ్మర్‌ల ఇద్దరం ఆయన మ్యాచ్‌కు పోదాం. షిఫ్ట్ పోతే పోయింది. సంతకం కోసం లైన్ల నేనే నిల్చుంటా.”

“రా. నీ బంతి నువ్వే కొనుక్కో.”

“సరే గానీ, ఆయన బౌలరా, బ్యాట్స్‌మనా?”

ఒళ్లు మండింది. అయినా అన్నం చల్లారిపోయేదాకా వాడికి ఆట చెబుతూనే కూర్చున్నాను.