ఇంజన్‌కి హారతి

సర్రీ, వాంకూవర్ పక్కన
ఆదివారం

అమ్మకు,

స్వప్న దండం పెట్టి రాస్తున్నది. నువ్వు, నాన్న, నాన్నమ్మ, తమ్ముడు అందరూ మంచిగా ఉన్నారనుకుంటాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? రోజంతా బస్సులో నిలబడి టికెట్లు కొట్టే ఉద్యోగం, ఎలా తగ్గుతుందిలే. నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను, బెంగ పెట్టుకోకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని తమ్ముడు నవ్వుతాడు. మీరు ఫోన్ స్పీకర్‌లో పెడతారు, నాన్నమ్మ పక్కనే ఉంటుంది. ఇది నువ్వు ఒక్కదానివే చదవాలి.

ఇక్కడ చలికాలమంతా వానే. మంచు పడితే కనీసం చూడటానికైనా బాగుండేది. మా బేస్‌మెంట్ గదిలో బట్టలు ఆరవు. కూరల్లో కారం ఉండదు. వచ్చేవాళ్లెవరైనా ఉంటే మామిడికాయ తొక్కు పంపు, ఎల్లిపాయ దండిగా వెయ్యి. అమ్మాయిలం నలుగురం ఉంటున్నా ఎవరి షిఫ్టు వాళ్లది. ఒక్కోసారి రెండు రోజులు తెలుగులో మాట్లాడకుండానే గడిచిపోతాయి.

నేను పనిచేసే గ్యారేజీ అంకుల్ గురించి చెప్పాను కదా. ఫిజీలో పుట్టిన తెలుగాయన. ఆయన తెలుగు వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్నది, సగం అర్థమవుతుంది. ఆంటీది కాకినాడ. కొడుకు రోహన్. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతాడు. వీళ్లకు డ్రాగ్ రేసింగ్ పిచ్చి. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు పడగానే పావు మైలు తిన్నగా ఉరకాలి, అంతే. ఊపిరి తీసుకునేలోగా అయిపోతుంది. ఇదేం ఆటని నేనూ నవ్వాను.

కానీ ఆ రేసు కారు ఇంజన్ చూశాక నవ్వలేదమ్మా. బిగ్ బ్లాక్ అంటారు. మీ బస్సు ఇంజన్ కంటే చిన్నదే, కోపం మాత్రం దీనికే ఎక్కువ. అంకుల్ పాత ఇంజన్ ఒకటి తెచ్చి, "నువ్వు కట్టు స్వప్నా. కారు తలుపు మీద నీ పేరు రాయిస్తా. ఇంజన్ కట్టినోళ్ల పేరు రాయడం ఇక్కడి పద్ధతి" అన్నాడు. కాలేజీ ఇంటర్వ్యూల్లో నా మెకానికల్ డిప్లొమా చూసి కూడా "ఆఫీసు పని చేస్తావా" అని అడిగినవాళ్లే అందరూ. ఇంజన్ చేతికిచ్చింది ఈయనొక్కడే. ఆ చలికాలమంతా సెలవు రోజులన్నీ వాళ్లింటి షెడ్డులోనే గడిపాను. పిస్టన్లు, బేరింగులు, ఒక్కో బోల్టూ ఎంత బిగించాలో అంత, అన్నీ నా చేతులతోనే. గోళ్లలో నూనె పోలేదు. నాకు సంతోషంగా ఉండేది, నిజం చెబుతున్నా.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజుకి ఆంటీ ముహూర్తం పెట్టించింది. ఇంజన్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కొబ్బరికాయలు, హారతి పళ్లెం సిద్ధం. నేను పొద్దున్నే వెళ్లి, స్టార్ట్ చేయకముందే నూనె అన్ని మూలలకీ ఎక్కించి, పానాలు తుడిచి పెట్టాను. అప్పుడు ఆంటీ నన్ను పక్కకి పిలిచింది.

"ఏమీ అనుకోకమ్మాయ్. ఇంట్లో లేవు కదా నువ్వు? మొహం పీక్కుపోయింది, అందుకే అడిగేను."

ముట్టయ్యావా అని అడగడం అది. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. ఈ ఒక్క విషయంలో అబద్ధమాడితే కళ్లు పోతాయని నువ్వూ నాన్నమ్మా కలిసి నేర్పారు కదా. అవునన్నాను. "అయ్యో, మరి ఇప్పటిదాకా ముట్టుకున్నావే" అని ఆంటీ ఇంజన్ మీద పసుపు నీళ్లు చల్లింది. నన్ను షట్టర్ బయట నిలబడమంది. బయట వాన.

బయటికి వెళ్తూ రోహన్‌కి ఒక్కటే చెప్పాను. లోపల వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్ కొత్తది. స్టార్ట్ అయిన వెంటనే ఇరవై నిమిషాలు చేత్తో యాక్సిలరేటర్ పట్టుకుని ఇంజన్‌ని గట్టిగా తిప్పుతూనే ఉండాలి. నెమ్మదిగా వదిలితే నూనె సరిగా చిమ్మదు, ఇనుమూ ఇనుమూ రాసుకుని అరిగిపోతుంది. "గాట్ ఇట్" అన్నాడు.

స్టార్ట్ అయింది. ఆ చప్పుడు నా గుండెలో మోగింది. కొంచెంసేపు సరిగ్గానే పట్టుకున్నాడు. ఇంతలో ఆంటీ హారతి వెలిగించింది. ఆ హోరులో మంత్రం వినబడటం లేదని విసుక్కుంది. అంకుల్ చెయ్యి ఊపి "తగ్గించరా, హారతి అయ్యేదాకా తగ్గించు" అన్నాడు. రోహన్ తగ్గించేశాడు. ఇంజన్ గురగురమంటూ ఐడిల్‌లో నిలబడితే, వీళ్లు తీరిగ్గా హారతి తిప్పి, కళ్లకద్దుకుని, కొబ్బరికాయ కొట్టారు.

నేను బయటి నుంచి "తగ్గించొద్దు, అంకుల్, తగ్గించొద్దు" అని గొంతు చించుకున్నాను. ఒక అడుగు లోపలికి వేశాను. ఆంటీ అరచెయ్యి చూపించింది. అంతే, ఆగిపోయాను. నా కాళ్లు నా మాట వినలేదమ్మా, నీ మాట విన్నాయి. దానికే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాసేపటికే లోపల నుంచి టకటకమని చప్పుడు. ఆపి, ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే వెండి రంగులో ఇనుప పొడి. కామ్ మొత్తం పోయింది. చలికాలమంతా నేను చేసిన పని ఒక్క హారతికి పోయింది.

ఆంటీ ఏమందో తెలుసా? "అంటు తగిలింది. అమ్మవారికి కోపం వచ్చింది" అని నేను వింటుండగానే స్నేహితురాలికి ఫోన్‌లో చెప్పింది. అంకుల్‌కి అసలు సంగతి తెలుసు. ముప్పై ఏళ్ల మెకానిక్, తెలియకపోవడమేంటి? అయినా నోరు విప్పలేదు. రెండు రోజులు నా మొహం చూడకుండా తిరిగి, తర్వాత "మళ్లీ కట్టు స్వప్నా" అన్నాడు, అంతే. రాను పొమ్మందామనుకున్నాను. కానీ ఆ ఇంజన్‌ని ఇంకొకరికి వదలబుద్ధి కాలేదు.

మళ్లీ కట్టాను. మొత్తం విప్పి, ప్రతి రంధ్రం కడిగి, కొత్త కామ్ వేశాను. ఈసారి శాంతి పూజకి ముగ్గురూ గుడికి బయలుదేరారు. "మేము వచ్చాక స్టార్ట్ చేద్దాం. అంతా రెడీగా పెట్టు" అన్నాడు అంకుల్. కారు వీధి మలుపు తిరిగేదాకా చూసి, నేనే స్టార్ట్ చేశాను. ఇరవై నిమిషాలూ నేనే పట్టుకుని నిలబడ్డాను. ఏడుస్తూనే ఉన్నాను, కానీ చెయ్యి మాత్రం దించలేదు. వాళ్లొచ్చి, ముందే స్టార్ట్ చేశానని గొణిగినా, ఫిల్టర్ కోసి చూశారు. నూనె తేటగా ఉంది.

"చూసేవా, శాంతి చేయించేం కాబట్టే" అంది ఆంటీ. నాకు ప్రసాదం పెట్టబోయి ఆగి, "బాగానే ఉన్నావు కదా?" అని అడిగింది. "బాగానే ఉన్నాను ఆంటీ" అన్నాను. రెండు చేతులతో తీసుకుని తిన్నాను.

నిన్న రేసు అయింది. కారు బాణంలా పోయింది. మైకులో తండ్రీకొడుకులు కట్టిన ఇంజన్ అని చెప్పారు. కారు తలుపు మీద నా పేరు ఉండాల్సిన చోట అమ్మవారి స్టిక్కర్ ఉంది. నేను కంచె పట్టుకుని చూసి, బస్సెక్కి వచ్చేశాను.

ఇప్పుడు నీకొక్కదానికే చెప్పే మాట. రెండోసారి నేను దాన్ని స్టార్ట్ చేసిన రోజు, నాకు రెండో రోజు.

నువ్వు ప్రతి నెలా ఆ మూడు రోజులూ డ్యూటీ చేశావు. నీ చేతి టికెట్‌తో ఎంతమంది గుడికి వెళ్లి ఉంటారో. ఏ రోజూ బస్సు ఆగలేదు కదమ్మా. మరి ఇంటికొచ్చి మూల చాప మీద ఎందుకు కూర్చున్నావు? పక్కన నన్నెందుకు కూర్చోబెట్టావు? నీ మీద కోపంగానే ఉంది, దాచను.

నాన్నకు, నాన్నమ్మకు నా దండాలు చెప్పు. తమ్ముణ్ణి చదువుకోమను. నీ దీవెన లేకుండా నాకిక్కడ ఏదీ నిలబడదు. ఈ ఉత్తరం అందేనాటికి నువ్వు మూల కూర్చుని ఉన్నా, తలస్నానం దాకా ఆగకు. ఆ చాప మీది నుంచే దీవించు.

నీ బిడ్డ,
స్వప్న